నూట పది మంది సాక్షులు, ఒక రాకుమారి: పాత వాంగ్మూలాలు చదివిన నా అనుభవం

1276లో పోప్ పంపగా ఇటలీ నుంచి ఇద్దరు మతాధికారులు హంగరీ వచ్చి 110 మంది సాక్షులను విచారించారు. ఆరేళ్ళ కిందట చనిపోయిన ఒక కన్యాస్త్రీ పునీతురాలా (అంటే చర్చి గుర్తించదగ్గ సెయింటా) కాదా అన్నది తేల్చడం వాళ్ళ పని. ఆమె పేరు మార్గిత్, ఇంగ్లీషులో మార్గరెట్. హంగరీ రాజు నాలుగో బేలా కూతురు. మూడు నాలుగేళ్ళ వయసులో తెచ్చి మఠంలో పెట్టారు. ఇరవై ఎనిమిదో ఏట మఠంలోనే పోయింది. ఆనాటి వాంగ్మూలాలు చాలావరకు ఇప్పటికీ ఉన్నాయి. లాటిన్ మూలం ఒక పేజీలో, ఇంగ్లీషు అనువాదం ఎదుటి పేజీలో వేసిన పుస్తకం కూడా వచ్చింది.

నేను రాజమండ్రిలో ప్రాక్టీసు చేసి మానేసిన లాయర్ని. ఎక్కువగా ఫ్యామిలీ కోర్టు పనే: మనోవర్తి, విడాకులు, పిల్లలు ఎవరి దగ్గర ఉండాలన్న తగాదాలు. మా అబ్బాయి ఉద్యోగం బుడాపెస్ట్‌లో. వాళ్ళింటికి వెళ్ళినప్పుడు సాయంత్రాలు నడకకి డాన్యూబ్ నది మధ్యలో ఉన్న మార్గిత్ దీవికి వెళ్ళేవాళ్ళం. నాలుగో నంబరో ఆరో నంబరో ట్రామ్ ఎక్కి వంతెన మధ్యలో దిగితే అక్కడి నుంచి దీవిలోకి దారి. దీవి రెండున్నర కిలోమీటర్ల పొడవుంటుంది. చుట్టూ పరుగెత్తేవాళ్ళ కోసం ట్రాక్, పాటలకు ఎగిరే ఫౌంటెన్, ఐస్‌క్రీమ్ బళ్ళు. వీటన్నిటి మధ్య మోకాలెత్తు రాతి గోడలు కొన్ని. అదే ఆ మఠం. దీవికి ఆ పేరు వచ్చింది కూడా ఈమె వల్లే. ఆ రోజుల్లో కుందేళ్ళ దీవి అనేవారట.

వాంగ్మూలాలు ఉన్నాయని తెలిశాక నాకు కాలు నిలవలేదు. పుస్తకం లైబ్రరీ నుంచి మా కోడలే తెచ్చిపెట్టింది. నేను తెల్లకాగితాలు, పెన్సిలు పెట్టుకుని డైనింగ్ టేబుల్ మీద కూర్చోవడం చూసి, "అత్తయ్యా, ఇక్కడికొచ్చి కూడా కేసు కట్ట విప్పారా?" అంది. విప్పాను మరి. కట్ట చదివే అలవాటు ప్రాక్టీసు మానేసినంత మాత్రాన పోదు.

ముందు కేసు పూర్వాపరాలు చెప్పాలి. 1241 ఏప్రిల్‌లో మోహి అనే చోట మంగోలు సైన్యం హంగరీ సైన్యాన్ని తుడిచిపెట్టేసింది. రాజు బేలా ప్రాణాలు దక్కించుకుని దక్షిణాన సముద్రతీరానికి పారిపోయాడు. రాణి మరియా లాస్కరినా నైసియా చక్రవర్తి కూతురు. ఆవిడ పిల్లలతో క్లిస్ అనే కొండకోటలో తలదాచుకుంది. ఇప్పుడది క్రొయేషియాలో ఉంది. 1242 జనవరిలో ఆ కోటలోనే మార్గిత్ పుట్టింది. ఆ ఏడాదే ఆమె అక్కలిద్దరు అక్కడే చనిపోయారు. స్ప్లిట్ నగరంలో కతీడ్రల్ గుమ్మం పైన వాళ్ళ రాతి పేటిక ఇప్పటికీ ఉంది. వాళ్ళలో ఒకరి పేరు కూడా మార్గరెటే.

దేశం మంగోలుల చేతిలోంచి బయటపడితే ఈ బిడ్డను దేవుడికి ఇచ్చేస్తామని తల్లిదండ్రులు మొక్కుకున్నారు. మనవాళ్ళు తలనీలాలు మొక్కుకుంటారు, నిలువుదోపిడీ మొక్కుకుంటారు. వీళ్ళు ఏకంగా పిల్లనే మొక్కుకున్నారు. 1242లోనే మంగోలులు వెనక్కి మళ్ళారు. వాళ్ళ ఖాన్ చనిపోయాడనీ, గుర్రాలకు మేత చాలలేదనీ చరిత్రకారులు రకరకాల కారణాలు చెబుతారు. రాజుకు మాత్రం సందేహం లేదు, మొక్కు చెల్లించాల్సిందే. అలా పిల్లను వెస్ప్రేమ్ ఊళ్ళో ఉన్న డొమినికన్ సభ (కాథలిక్ సన్యాసుల సంఘాల్లో ఒకటి) కన్యాస్త్రీల మఠంలో చేర్చారు.

ఇక చదివిన పద్ధతి. ఒక్కో సాక్షికి ఒక కాగితం. పైన పేరు, మఠంలో ఎప్పుడు చేరింది, మార్గిత్‌తో ఎన్నేళ్ళు ఉంది. కింద రెండు వరుసలు: తన కళ్ళతో చూసింది ఒకటి, ఎవరో చెబితే విన్నది ఒకటి. విచారణాధికారులను మెచ్చుకోవాలి. సాక్షి ఏదైనా అద్భుతం చెప్పగానే వదిలెయ్యరు. నీకెలా తెలుసు? ఏ నెల? అప్పుడు అక్కడ ఇంకెవరున్నారు? ఆమె ఏ మాటలతో ప్రార్థించింది? చాలా చోట్ల సాక్షి "గుర్తు లేదు" అంటుంది. అదీ రాసుకున్నారు. "గుర్తు లేదు" అన్న మాట కాగితం మీదికి ఎక్కితే ఆ రికార్డు మీద నాకు నమ్మకం పెరుగుతుంది. అన్నీ గుర్తున్న సాక్షిని చూస్తేనే మాకు అనుమానం.

సాక్షుల్లో నలభై మంది దాకా దీవిలోని కన్యాస్త్రీలే. మొదట్లో వాళ్ళ వాంగ్మూలాలు విసుగు పుట్టించాయి. పవిత్రురాలు, వినయం గలది, ఎప్పుడూ ప్రార్థనలోనే ఉండేది అని ఒకరి తర్వాత ఒకరు అవే మాటలు. మా భాషలో ఇలాంటివాళ్ళను నేర్పిన సాక్షులంటాం. పైగా అందరూ ఆ మఠంవాళ్ళే. తమ మఠంలో ఒక పునీతురాలు ఉండటం వాళ్ళకు ఎంత లాభమో చెప్పక్కర్లేదు. ఈ కేసును మొదట కదిలించింది కూడా ఆమె సొంత అన్న, రాజు ఐదో ఇష్త్వాన్. క్రాస్ ఎగ్జామినేషన్‌కి లేచే లాయరుకి ఇంతకంటే ఏం కావాలి?

కానీ చదువుతూ పోతే నేర్పిన మాటల మధ్యలోంచి ఎవరూ నేర్పని మాటలు బయటపడతాయి. వంటింట్లో చలికాలం చేపలు తోమేదట. నీళ్ళు ఎంత చల్లగా ఉండేవంటే చేతుల చర్మం పగిలి రక్తం కారేది. అంట్లు తోమేది, రోగుల కింద శుభ్రం చేసేది, ఎవరూ ముట్టుకోని పనులు తనే పైన వేసుకునేది. బట్టలు చిరిగిపోయినా మార్చేది కాదు, పేలు పట్టినా తీయించుకునేది కాదు. పక్కన కూర్చోవడానికి తోటి సిస్టర్లే ఇబ్బంది పడేవారు. "రాజుగారి కూతురు" అని ఎవరైనా అంటే బాధపడేది, బీదవాళ్ళ ఇంట్లో పుట్టి ఉంటే బాగుండేదనేది. పొగడటానికి వచ్చిన సాక్షి పేల సంగతి కల్పించి చెప్పదు. అక్కడ నా పెన్సిలు ఆగింది. ఇది నిజం అని రాసుకున్నాను.

ఒంటిని హింసించుకున్న వివరాలు ఇంకా ఉన్నాయి. జుట్టుతో నేసిన గరుకు చొక్కా, నడుముకు ఇనప పట్టీ, ముళ్ళున్న హెడ్జ్‌హాగ్ చర్మంతో కొట్టించుకోవడం. తోటి సిస్టర్నే పిలిచి కొట్టమనేది. ఆ పేజీలు నేను తొందర తొందరగా తిప్పేశాను. ఆ కాలంలో దాన్ని భక్తి అన్నారు. వాళ్ళ మేనత్త ఎలిజబెత్ కూడా ఇదే దారిలో నడిచి పునీతురాలైంది. మార్గిత్ చిన్నప్పటి నుంచి తమ వంశంలోని పునీతుల కథలు వింటూ పెరిగింది. ఆ పిల్లకు కనిపించిన గొప్పతనమంతా ఆ ఒక్క రూపంలోనే ఉంది. ఈ కాలపు డాక్టరుకి చూపిస్తే వేరే పేరు పెడతాడు, నిజమే. అయినా ఏడువందల యాభై ఏళ్ళ దూరంలో కూర్చుని రోగం పేరు చెప్పడం నా పని కాదనిపించింది.

వెస్ప్రేమ్ కూడా వెళ్ళి చూశాను. బుడాపెస్ట్ నుంచి రైల్లో రెండు గంటల లోపే. కొండ మీద కోట, కతీడ్రల్. ఆ ఊరికి రాణుల నగరమని పేరు, రాణులకు కిరీటం పెట్టే హక్కు అక్కడి బిషప్‌దే. మఠం ఆనవాళ్ళు కొండ కింద ఉన్నాయి. నాలుగు గోడ ముక్కలు, గడ్డి. మా అబ్బాయి ఫోన్‌లో ఫొటోలు తీసి, "అమ్మా, ఇంతేనా?" అన్నాడు. ఇంతే. అయినా ఆ కొండ ఎత్తు చూశాక ఒకటి అర్థమైంది. ఆ పిల్ల ఉన్న చోటు నుంచి తలెత్తితే కనిపించేది కోట. తల్లి ఆ కోటకు ఎన్నిసార్లు వచ్చిందో రికార్డులో లేదు.

అక్కడ పిల్లను చూసుకున్నది ఒలింపియాడెస్ అనే వితంతువు. పేరున్న కుటుంబం ఆవిడది. పిల్లతో పాటే మఠంలో చేరి, దీవికీ వెంట వచ్చింది. మార్గిత్‌కు పదేళ్ళప్పుడు, 1252 ప్రాంతంలో, తల్లిదండ్రులు దీవిలో కొత్త మఠం కట్టించి ఆమెను అక్కడికి మార్చారు. రాజధానికి దగ్గర, చుట్టూ నీళ్ళు. 1254లో డొమినికన్ సభ పెద్దల సమావేశం బుడాలో జరిగినప్పుడు సభాధిపతి హుంబర్ట్ చేతుల మీదుగా మార్గిత్ మాటపట్టు, అంటే కన్యాస్త్రీగా ఉండిపోతానన్న ప్రమాణం, తీసుకుంది. అప్పటికి పన్నెండేళ్ళు. చర్చి చట్టం ప్రకారం ఆడపిల్ల తన నిర్ణయం తాను తీసుకోగల వయసు సరిగ్గా అదే. కాగితాల మీద వంక పెట్టడానికి లేదు.

అసలు రసవత్తరమైన భాగం పెళ్ళి గొడవ. దాని కోసమే నేను కాగితాలన్నీ మళ్ళీ వరసలో పెట్టి చూసుకున్నాను. 1260 జులైలో క్రెస్సెన్‌బ్రున్ యుద్ధంలో బేలా బొహీమియా (ఇప్పటి చెక్ దేశం) రాజు ఒట్టోకర్ చేతిలో ఓడిపోయాడు. రాజీ కుదరాలంటే పెళ్ళి సంబంధం ఒకటి కావాలి. ఒట్టోకర్‌కు మార్గిత్‌ను ఇచ్చి చేద్దామనుకున్నారు. దేవుడికిచ్చిన పిల్లను! మాటపట్టు నుంచి విడుదల చేయించడానికి పోప్ అనుమతి తెప్పించే ఆలోచన కూడా సాగింది. ఇంకా ఒకటి రెండు సంబంధాల మాట కూడా వచ్చిందని సిస్టర్లు చెప్పారు. మొక్కు చెల్లించేసిన తండ్రి, అవసరం పడేసరికి హుండీలో చెయ్యి పెట్టబోయాడన్నమాట.

మార్గిత్ ససేమిరా అంది. బలవంతం చేస్తే ముక్కూ పెదవులూ కోసేసుకుంటాను గానీ ఇక్కడి నుంచి కదలనని చెప్పిందట. ఎవరినో బెదిరించడానికి అన్న మాట కాదది. వెంటనే, 1261లో, బిషప్‌ల చేతుల మీదుగా ముసుగు కూడా వేయించుకుని దారి పూర్తిగా మూసేసింది. ఒట్టోకర్‌కు బేలా మనవరాలు కునిగుండను ఇచ్చి పెళ్ళి చేశారు. మార్గిత్‌కు అక్క కూతురు అవుతుంది. రాజీ కుదిరింది. ఒక పిల్ల కాదంటే ఇంకో పిల్ల. కునిగుండను ఎవరైనా అడిగారేమో తెలుసుకుందామంటే ఆవిడ గురించి ఎవరూ విచారణ జరపలేదు.

మార్గిత్ గురించి రాసినవాళ్ళలో కొందరు ఇక్కడ ఆమెను వీరనారిని చేస్తారు. ఇంకొందరు చిన్నప్పటి నుంచి మఠం గోడల మధ్యే పెంచారు కాబట్టి ఆమెకు ఇంకో దారే తెలియదు, పాపం అంటారు. నాకు రెండూ నచ్చలేదు. పిల్లల తగాదాల్లో ఇలాంటివి చూశాను. ఎవరూ అడక్కుండానే ఒక ఇంట్లో పెరిగిన పిల్ల, పదేళ్ళ తర్వాత కోర్టు పిలిచి "నీ ఇష్టమేంటమ్మా" అని అడిగితే, ఆ ఇంటి పేరే గట్టిగా చెబుతుంది. అబద్ధం కాదు. అలాగని మొదట్లో ఆ పిల్లను అడక్కపోవడం ఒప్పయిపోదు.

తండ్రికీ అన్న ఇష్త్వాన్‌కూ మధ్య యుద్ధం వచ్చినప్పుడు ఆమె ఎంత నలిగిపోయిందో కూడా సిస్టర్లు చెప్పారు. 1266 మార్చిలో ఆ తండ్రీకొడుకుల రాజీ ఒప్పందం కుదిరింది కూడా ఆమె ఉన్న ఆ దీవిలోనే. మఠమంటే లోకానికి దూరంగా ఉండే చోటనుకుంటాం గానీ, ఇక్కడ రాజ్యం సంగతులు గుమ్మం దాకా వచ్చాయి.

నాకు బాగా నచ్చిన కథ వరదది. చాలామంది సిస్టర్లు చెప్పారు. డాన్యూబ్ పొంగి మఠంలోకి నీళ్ళు వచ్చి తీసేశాయి. తర్వాత మార్సెల్లస్ అనే గురువు వచ్చాడు. ఆమె తన పాపాలు ఒప్పుకునేది (పాపసంకీర్తనం) ఆయన దగ్గరే, సభలో పెద్దవాడు. వరద సంగతి చెబితే ఆయన నమ్మలేదు. నేను అబద్ధం చెప్పనని ఈయనకు చూపించు తండ్రీ అని మార్గిత్ ప్రార్థించింది. మళ్ళీ నీళ్ళొచ్చాయి. పెద్దాయన ఎత్తుకు ఎక్కాల్సి వచ్చింది. మరోసారి, వచ్చిన గురువులు ఉండిపోయి ప్రసంగం చెబితే బాగుండునని వాన కోసం ప్రార్థించిందట, వాళ్ళు కదల్లేనంత వాన పడింది. అద్భుతాల సంగతి ఎవరి నమ్మకం వాళ్ళది. నాకు ఈ రెండు కథల్లోనూ మనిషి కనిపించింది: తన మాట నమ్మలేదని ఉక్రోషం, వచ్చినవాళ్ళు అప్పుడే వెళ్ళిపోతున్నారని బెంగ. పుస్తకం మొత్తం మీద ఆమె పిల్లలా కనిపించేది ఇక్కడే.

1270 జనవరి 18న మార్గిత్ పోయింది. పాత పుస్తకాల్లో 1271 అని ఉంటుంది. 1270 మే నెలలోనే తండ్రి పోయాడు. రెండేళ్ళకు అన్న ఇష్త్వాన్ పోతే ఆయన్నీ దీవిలోనే పాతిపెట్టారు. 1838లో ఇక్కడ ఒక సమాధిలో దొరికిన వెండి కిరీటం ఇప్పుడు బుడాపెస్ట్ నేషనల్ మ్యూజియంలో ఉంది. ఆయనదేనంటారు. 1510లో అదే మఠంలోని రాష్కై లేయా అనే సిస్టర్ మార్గిత్ జీవిత కథను హంగేరియన్ భాషలో నకలు రాసిపెట్టింది. 1541లో తుర్కులు బుడాను పట్టుకునేసరికి సిస్టర్లు మార్గిత్ అవశేషాలు తీసుకుని దీవి వదిలి వెళ్ళిపోయారు. మఠం శిథిలమైంది. ఆమె సమాధి ఉన్న చోట ఇప్పుడు ఎర్ర పాలరాతి పలక ఉంది. నేను వెళ్ళిన సాయంత్రాల్లో దాని మీద ఎవరో ఒకరు పూలు పెట్టి ఉండేవారు.

ఇంతకీ తీర్పు ఏమైందంటారా? 1276లో అంత పకడ్బందీగా సాక్ష్యాలు రాసుకున్న కేసులో ఆమెను పునీతురాలిగా ప్రకటించింది 1943 నవంబరు 19న, పన్నెండో పయస్ పోప్. 667 ఏళ్ళు. తాత వేసిన భాగపరిష్కారం దావా మనవడి కాలంలో తేలిందని మా బార్ అసోసియేషన్ గదిలో నవ్వుకునేవాళ్ళం. ఇంక నవ్వను.

కాగితాలన్నీ అయిపోయాక, నాకే క్రాస్ చేసే అవకాశం వస్తే ఏం అడుగుతానా అని ఒక ప్రశ్నల జాబితా రాసుకున్నాను. అద్భుతాల మీద ఒక్క ప్రశ్న కూడా రాయలేదు. వెస్ప్రేమ్ రోజుల నుంచి ఆమెతో ఉన్న సిస్టర్లు కొందరు 1276 నాటికి బతికే ఉన్నారు, సాక్ష్యం కూడా ఇచ్చారు. వాళ్ళను అడగాలి. మఠంలో వదిలి వెళ్ళిన రాత్రి పిల్ల ఎవరి పక్కన పడుకుంది? అమ్మ కోసం ఎన్నాళ్ళు ఏడ్చింది? అమ్మ మళ్ళీ వచ్చినప్పుడు గుర్తుపట్టిందా? పిల్లల కేసుల్లో జడ్జిగారు మొట్టమొదట తెలుసుకోవాలనుకునేవి ఇవే. ఆ అధికారులు భక్తి ఎప్పుడు మొదలైందని అడిగారు. చిన్నతనం నుంచే అని సాక్షులు చెప్పారు. నేను చదివినంతలో అక్కడితో సరి.

సాక్షుల్లో ఒకరి కాగితం మాత్రం పక్కన పెట్టుకున్నాను. ఎలిజబెత్. ఐదో ఇష్త్వాన్ కూతురు, మార్గిత్‌కు మేనకోడలు. ఈమెనూ చిన్నపిల్లగానే అదే దీవిలో అదే మఠంలో పెట్టారు. మార్గిత్‌ను చూస్తూ పెరిగింది, సాక్ష్యం చెప్పింది, తర్వాత మఠానికి పెద్దయింది కూడా. 1286లో ఆమె తమ్ముడు, రాజు నాలుగో లాస్లో, భార్య ఇసబెల్లాను తెచ్చి ఈ మఠంలోనే బంధించాడు. ఆ తర్వాత రెండేళ్ళ లోపే ఎలిజబెత్ ముసుగు తీసేసి దీవి దాటి వెళ్ళిపోయింది. జావిష్ అనే బొహీమియా ప్రభువును పెళ్ళి చేసుకుంది. అతను అంతకుముందు కట్టుకున్నది ఎవరినో తెలుసా? ఒట్టోకర్ పోయాక వితంతువుగా మిగిలిన కునిగుండనే. జావిష్‌ను 1290లో తల నరికి చంపారు. ఎలిజబెత్ ఎందుకు వెళ్ళిపోయిందో విచారించడానికి పోప్ ఎవరినీ పంపలేదు. ఆమె మీద 110 మంది సాక్షులు ఉండి ఉంటే ఆ కట్ట కూడా చదివేదాన్ని, ఇంతకంటే ఇష్టంగా.